స్పిరు హారెట్: గ్రహాల లెక్కలు వదిలి పల్లె బడికి మంత్రి అయిన మనిషి (తరచుగా అడిగే ప్రశ్నలు)

రుమేనియా రాజకీయ నాయకుల్లో మన దగ్గర ఎవరినైనా గుర్తుపడతారంటే కమ్యూనిస్టు నియంత చౌషెస్కునే. ఆయన కంటే చాలా ముందు, అదే దేశంలో, మూడుసార్లు విద్యాశాఖ మంత్రిగా చేసిన ఒక లెక్కల మాస్టారు ఉన్నారు. ఆయన గురించి చెప్పినప్పుడల్లా వింటున్నవాళ్లు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

అసలు ఎవరీ స్పిరు హారెట్?

1851లో మోల్డావియాలోని యాష్ పట్టణంలో పుట్టారు. అప్పటికి రుమేనియా అనే దేశమే లేదు. మోల్డావియా, వలాకియా అనే రెండు సంస్థానాలు 1859లో ఒకే పాలకుడి కిందకి వచ్చాయి. 1877లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి, 1881లో రాజ్యం అయింది. అంటే హారెట్, ఆయన దేశం ఇంచుమించు కలిసే పెరిగారు. కుటుంబానికి ఆర్మేనియన్ మూలాలున్నాయి. వృత్తికి గణిత, ఖగోళ శాస్త్రవేత్త. రాజకీయాల్లో నేషనల్ లిబరల్ పార్టీ మనిషి. 1912 డిసెంబర్‌లో, 61 ఏళ్ల వయసులో, బుకారెస్ట్‌లో చనిపోయారు. రుమేనియాలో ఇప్పటికీ ఆయన్ని 'బడి మనిషి' అనే పిలుస్తారు.

మంత్రిగా ఎప్పుడెప్పుడు చేశారు?

1897 నుంచి 1899 వరకు, 1901 నుంచి 1904 వరకు, 1907 నుంచి 1910 వరకు. మొదటి రెండుసార్లూ ప్రధాని దిమిత్రీ స్టుర్జా. మూడోసారి స్టుర్జాతో మొదలై, తర్వాత వచ్చిన అయోన్ బ్రటియాను ప్రభుత్వంలో కొనసాగారు. మధ్యలో కన్జర్వేటివ్‌లు గెలిచినప్పుడల్లా బయటికి వెళ్లారు, మళ్లీ లిబరల్స్ రాగానే అదే శాఖకు తిరిగి వచ్చారు. ఇంకో శాఖ తీసుకోలేదు. ఆర్థికమో హోం శాఖో వస్తే చాలు పాత శాఖను మర్చిపోయే మంత్రులను చూసిన కళ్లకు ఇది చిన్న విషయంగా కనపడదు.

చదువు ఎక్కడ సాగింది?

1862లో బుకారెస్ట్‌లోని సెయింట్ సావా కాలేజీలో హాస్టల్ విద్యార్థిగా చేరారు. ఇంకా స్కూలు చదువులో ఉండగానే బీజగణితం మీద ఒకటి, త్రికోణమితి మీద ఒకటి పాఠ్యపుస్తకాలు రాశారు. తర్వాత బుకారెస్ట్ విశ్వవిద్యాలయం. 1874లో పోటీ పరీక్ష రాసి పారిస్ వెళ్లడానికి స్కాలర్‌షిప్ సంపాదించారు. అప్పటి విద్యామంత్రి టీటు మయోరెస్కు. ఆయన కన్జర్వేటివ్ వర్గం నాయకుడు. ఆయన హయాంలో స్కాలర్‌షిప్ తీసుకున్న కుర్రాడు తర్వాత ఎదుటి పార్టీ తరఫున అదే కుర్చీలో కూర్చున్నాడు.

పారిస్‌లో 1875లో గణితంలో, 1876లో భౌతికశాస్త్రంలో డిగ్రీలు తీసుకున్నారు. 1878 జనవరిలో సోర్బాన్‌లో డాక్టరేట్ వచ్చింది. పారిస్‌లో గణితంలో డాక్టరేట్ తెచ్చుకున్న మొదటి రుమేనియన్ ఆయనే.

ఆ డాక్టరేట్‌లో అంత గొప్ప విషయం ఏముంది?

ఇది కాస్త ఓపికగా చెప్పాలి. నాకు ఇష్టమైన భాగం కూడా ఇదే.

భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి కచ్చితమైన వృత్తం కాదు, కొద్దిగా సాగిన దీర్ఘవృత్తం. దానికి ఒక పెద్ద అక్షం ఉంటుంది. భూమి విషయంలో అది దాదాపు 30 కోట్ల కిలోమీటర్లు. గ్రహానికి ఏడాది ఎంత పొడవుండాలో ఈ అక్షమే తేలుస్తుందని కెప్లర్ ఎప్పుడో చెప్పాడు. కాబట్టి ఈ అక్షం నెమ్మదిగా తగ్గుతూ పోతే గ్రహం సూర్యుడి వైపు జరుగుతున్నట్టు. పెరుగుతూ పోతే దూరమైపోతున్నట్టు.

సూర్యుడు, ఒక గ్రహం, ఇద్దరే ఉంటే ఏ గొడవా లేదు. కానీ గురుడు భూమిని లాగుతాడు, శని గురుడిని లాగుతాడు. ఆ లాగుడు చిన్నదే అయినా లక్షల ఏళ్లు ఆగకుండా సాగుతుంది. ఇలా లాగి లాగి అక్షం మారిపోదా? దీన్ని ఒక్కసారిగా తేల్చే సూత్రం లేదు. మెట్టు మెట్టుగా లెక్కపెట్టుకుంటూ పోవాలి. మొదటి మెట్టులో మారదని 18వ శతాబ్దంలో లాప్లాస్, లగ్రాంజ్ అనే గణిత శాస్త్రవేత్తలు తేల్చారు. 1809లో పోసాన్ రెండో మెట్టు లెక్క కట్టి అక్కడా మారదన్నాడు. దాంతో సౌరకుటుంబం గడియారంలా ఎప్పటికీ ఇలాగే నడుస్తుందనే నమ్మకం గట్టిపడింది.

హారెట్ మూడో మెట్టు ఎక్కారు. అక్కడ సమీకరణాల్లో కాలంతో పాటు విలువ పెరుగుతూ పోయే పదాలు (లెక్కలో కలిసే భాగాలు) ఆయనకు తగిలాయి. అంటే అక్షాలు మారవు అని అప్పటిదాకా అనుకున్నది ఆ మెట్టు దగ్గర నిలబడదు. 26 ఏళ్ల కుర్రాడు, లాప్లాస్ పేరు దేవుడి పేరులా వినిపించే పారిస్‌లో, ఆ మాట లెక్క చూపించి మరీ చెప్పాడు.

అయితే భూమి సూర్యుడిలో పడిపోతుందా?

లేదు, టెన్షన్ అక్కర్లేదు. హారెట్ చూపించింది 'ఎప్పటికీ స్థిరం' అని అప్పటిదాకా ఉన్న నిరూపణ సరిపోదని మాత్రమే. తర్వాత ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త పొయింకరే ఈ దారిలోనే ఇంకా చాలా దూరం వెళ్లి, ఇలాంటి లెక్కల్లో ఎంత చిక్కు దాగి ఉందో బయటపెట్టారు. హారెట్ పని విలువ తెలిసి మెచ్చుకున్నవాళ్లలో ఆయన కూడా ఒకరు.

ఇంత పేరు వచ్చాక పరిశోధన ఎందుకు వదిలేశారు?

1878లోనే తిరిగి వచ్చి బుకారెస్ట్ విశ్వవిద్యాలయంలో యంత్రశాస్త్రం ప్రొఫెసర్ అయ్యారు. 1910 వరకు ఆ పాఠం చెబుతూనే ఉన్నారు. 1883లో బడుల తనిఖీ పని అప్పగించారు. బడుల ఇన్‌స్పెక్టర్‌గా దేశంలో చదువు పరిస్థితి మీద ఒక పెద్ద నివేదిక తయారు చేశారు. నా ఉద్దేశంలో మలుపు ఆ నివేదికే. 1885లో విద్యాశాఖకు ప్రధాన కార్యదర్శి అయ్యారు, అక్కడితో పరిశోధన ఆగిపోయింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మంత్రి కాకముందే ఆయన శాఖను కింది నుంచి పైదాకా చూశారు. విద్యార్థిగా స్కాలర్‌షిప్ తీసుకున్నారు, పాఠం చెప్పారు, తనిఖీ చేశారు, ఫైళ్లు నడిపారు. 12 ఏళ్ల తర్వాత మంత్రిగా వచ్చేసరికి ఎవరూ ఆయనకు కథలు చెప్పలేని పరిస్థితి.

ఆయన వచ్చేనాటికి చదువు ఎలా ఉంది?

1864లోనే ప్రాథమిక విద్య ఉచితం, తప్పనిసరి అని చట్టం చేశారు. యూరప్‌లో అప్పటికి అది ముందడుగే. కానీ బడి ఉన్న చోటే కదా తప్పనిసరి అయ్యేది! బడి లేని ఊళ్లే ఎక్కువ. 35 ఏళ్ల తర్వాత, 1899లో చూస్తే, 100 మందిలో చదవను రాయను వచ్చినవాళ్లు సుమారు 22 మంది. చట్టం కాగితం మీద అద్భుతంగా ఉండి ఊళ్లో గోడ కూడా లేకపోవడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

ఆయన ముందు ఏం చేశారు?

1898లో మాధ్యమిక, ఉన్నత విద్య చట్టం తెచ్చారు. హైస్కూలు చదువు 8 ఏళ్లు. మొదటి 4 ఏళ్లు అందరికీ ఒకటే. తర్వాతి 4 ఏళ్లలో పిల్లలు ప్రాచీన భాషల వైపు, ఆధునిక భాషల వైపు, సైన్సు వైపు విడిపోతారు. అప్పటిదాకా లాటిన్, గ్రీకు వచ్చినవాడే చదువుకున్నవాడు. సైన్సుకు సరిసమానంగా పీట వేసింది ఈ చట్టం. టీచరు ఉద్యోగం కావాలంటే అర్హత పరీక్ష నెగ్గాలి, పాఠం చెప్పే పద్ధతిలో శిక్షణ పొందాలి అనే నియమం కూడా ఇందులోనే పెట్టారు. సిఫారసు ఉత్తరాలతో పోస్టులు పంచుకునే చోట ఈ ఒక్క నియమం ఎంతమందికి కోపం తెప్పించి ఉంటుందో ఊహించవచ్చు.

1899లో వృత్తి విద్య చట్టం వచ్చింది. వ్యవసాయం, చేతిపనులు, వ్యాపారం నేర్పే బడులకు దాంతో ఒక రూపం ఏర్పడింది.

ప్రాథమిక విద్య చట్టం ఆయన కంటే కొంచెం ముందు, 1896లో పెట్రు పోనీ అనే మంత్రి తెచ్చారు. ఆయన రసాయన శాస్త్రవేత్త. బడులు కట్టడానికి డబ్బు సమకూర్చే ప్రత్యేక నిధి సంస్థ కూడా అప్పుడే పెట్టారు. హారెట్ దాన్ని పూర్తిగా వాడుకున్నారు. ఆయన మూడు విడతలు కలిపి పల్లెల్లో దాదాపు 2 వేల బడులు కట్టించారని చెబుతారు. అంతకుముందు 30 ఏళ్లలో కట్టినవాటికి ఇది రెట్టింపు. 1909 నాటికి చదువు వచ్చినవాళ్లు 100కి సుమారు 39 మంది అయ్యారు. పదేళ్లలో 22 నుంచి 39కి. బడికి వెళ్లిన ఒక తరం పెరిగి పెద్దదైతే తప్ప ఈ అంకె ఇలా కదలదు.

పల్లె బ్యాంకులకూ విద్యామంత్రికీ ఏం సంబంధం?

అందరూ ఆశ్చర్యపోయే ప్రశ్న ఇది. హారెట్‌ను అర్థం చేసుకోవాలంటే ఇక్కడే ఆగాలి.

అప్పటి రుమేనియాలో సాగుభూమి దాదాపు సగం కొన్ని వేల మంది పెద్ద భూస్వాముల చేతిలో ఉండేది. చాలామంది భూస్వాములు ఊళ్లో ఉండరు. భూమి మొత్తాన్ని ఒక పెద్ద గుత్తదారుకు ఇచ్చి తాము బుకారెస్ట్‌లోనో పారిస్‌లోనో ఉంటారు. గుత్తదారు దాన్ని ముక్కలు చేసి రైతులకిస్తాడు. చలికాలానికి తిండి గింజలు అయిపోతాయి, రైతు అప్పు చేస్తాడు, వచ్చే వేసవిలో కూలి పనితో తీరుస్తానని ఒప్పుకుంటాడు. ఇంట్లో పరిస్థితి ఇలా ఉన్నప్పుడు పిల్లవాడు బడికి రాడు, పొలానికి వెళ్తాడు. ఎంత మంచి బడి కట్టినా ఖాళీగానే ఉంటుంది.

అందుకని హారెట్ టీచరును బడి గడప దాటించారు. ఊళ్లో లెక్క రాయగలిగినవాడు, పట్టణంతో ఉత్తరం నడపగలిగినవాడు ఆయనొక్కడే, ఊరి పూజారి తోడుంటే ఇద్దరు. రైతులు నెలనెలా చేతనైనంత దాచుకుంటారు. టీచరు పద్దు పుస్తకం రాస్తాడు. అవసరం పడ్డవాడికి తక్కువ వడ్డీకి అందులోంచే అప్పిస్తారు. మన ఊళ్లలోని పరపతి సంఘం లాంటిదే. ఇలాంటివి అక్కడక్కడ ముందే ఉన్నా, హారెట్ ప్రోత్సాహంతో ఊరూరా పాకాయి. 1903లో వాటికి చట్టం కూడా చేయించారు.

ఒక్కసారి ఆ టీచరును తలుచుకోండి. పొద్దున పిల్లలకు కూడికలు నేర్పిన చేయే సాయంత్రం వాళ్ల నాన్నల పద్దు రాస్తుంది. వేలిముద్ర వేసే రైతు తన పేరు ఎదుట ఎంత ఉందో తనే చదువుకోవాలని రాత్రిబడిలో కూర్చుంటాడు. చదువు ఎందుకో ఆ రైతుకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, పద్దు పుస్తకమే చెబుతుంది. హారెట్ పని మొత్తంలో నన్ను కట్టిపడేసింది ఇదే.

పెద్దలకు పాఠాలు, బడి పిల్లలకు భోజనం, బడి తోట, పల్లెల్లో చిన్నపిల్లల బడులు, టీచర్లంతా కలిసి మాట్లాడుకునే వలయాలు ఈ పథకంలో మిగతా భాగాలు.

పత్రికలు కూడా నడిపారా?

1897లో 'అల్బీనా' అనే పత్రిక మొదలైంది. ఆ మాటకు తేనెటీగ అని అర్థం. పల్లె పాఠకుడి కోసం తేలిక మాటల్లో వచ్చే పత్రిక అది. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో హారెట్ ఒకరు. 1901లో వచ్చిన 'సెమెనెటోరుల్' అనే సాహిత్య పత్రికకూ ఆయన మద్దతు ఉంది. దానికి మొదట సంపాదకులు కోష్‌బుక్, వ్లహుత్సా అనే పేరున్న కవులు.

1907 రైతు తిరుగుబాటుకు ఆయన పెంచిన టీచర్లే కారణమన్నారట. నిజమేనా?

ఆ ఏడాది చలికాలం చివర్లో మోల్డావియాలోని ఫ్లమంజ్ అనే ఊళ్లో మొదలైన గొడవ కొన్ని వారాల్లో దేశమంతా అంటుకుంది. సైన్యాన్ని దించి అణచివేశారు. చనిపోయిన రైతులు వేలల్లో ఉన్నారని అంచనాలు. 11 వేలు అన్న అంకె తరచుగా వినిపిస్తుంది, దాని మీద చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. కన్జర్వేటివ్ ప్రభుత్వం దిగిపోయి, మార్చిలో స్టుర్జా మళ్లీ ప్రధాని అయ్యారు, హారెట్ మళ్లీ విద్యామంత్రి.

భూస్వాముల వైపు నుంచి వచ్చిన మాట ఏమిటంటే, రైతుల బుర్రలు చెడగొట్టింది పల్లె టీచర్లు, ఆ టీచర్లను చెడగొట్టింది హారెట్. చాలామంది టీచర్లను అరెస్టు చేశారు. హారెట్ వాళ్లను వదిలేయలేదు, వాళ్ల తరఫున నిలబడ్డారు.

నాకైతే ఆ ఆరోపణ అన్యాయంగానే తోస్తుంది. రైతును లేపింది ఆకలి, భూమి లేకపోవడం, గుత్తదారు షరతులు. హారెట్ 1905లోనే రైతు సమస్య మీద పుస్తకం రాసి ఈ పరిస్థితి గురించి మాట్లాడారు. అయితే ఒక చేదు నిజం కూడా ఒప్పుకోవాలి. తిరుగుబాటును తుపాకులతో అణచింది ఆయన భాగమైన ఆ లిబరల్ ప్రభుత్వమే. టీచర్ల కోసం నిలబడటం ఎంత నిజమో, ఆ మంత్రివర్గంలో ఉండటమూ అంతే నిజం.

చర్చితో గొడవేమిటి?

ఆయన శాఖ పేరులోనే మతవ్యవహారాలు, ప్రజా విద్య రెండూ ఉన్నాయి. 1909లో చర్చి పాలనలో మామూలు పూజారులకూ చోటిచ్చే కొత్త మండలి కోసం చట్టం తెచ్చారు. బిషప్పుల అధికారం తగ్గుతుందని రోమన్ పట్టణపు బిషప్ గెరాసిమ్ సఫిరిన్ మండిపడి, చర్చి పెద్దల సభలోనే శాపవాక్యం చదివారు. 1911లో సఫిరిన్, ఆయన ఎదిరించిన రుమేనియా చర్చి ప్రధానాధిపతి ఇద్దరూ పదవుల నుంచి తప్పుకోవలసి వచ్చింది.

ఆయన మీద న్యాయమైన విమర్శ ఉందా?

ఉంది. అప్పటి రుమేనియాలో యూదుల్లో చాలామందికి పౌరసత్వమే ఇవ్వలేదు, అక్కడే పుట్టి పెరిగినా పరాయివాళ్లుగానే లెక్క. 1898 చట్టం ప్రభుత్వ బడుల్లో రుమేనియన్ల పిల్లలకు మొదటి చోటు ఇచ్చింది. 'పరాయి' పిల్లలు సీటు మిగిలితేనే, అదీ ఫీజు కట్టి చేరాలి. పల్లె రైతు పిల్లవాడి కోసం అంత ఆరాటపడిన మనిషి చట్టంలోనే ఇంకో పిల్లవాడికి తలుపు మూసుకుంది. ఆయన్ని అభిమానించేవాళ్లు ఈ పేరా దాటేసి రాయడం చూశాను. దాటేయకూడదు.

లెక్కలకు మళ్లీ తిరిగి రాలేదా?

వచ్చారు, విచిత్రమైన దారిలో. 1910లో ఫ్రెంచిలో 'సామాజిక యంత్రశాస్త్రం' అని అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం వేశారు. ప్రతి మనిషినీ మూడు కొలతలున్న చోటులో ఒక బిందువుగా చూస్తారందులో: ఒకటి ఆర్థిక స్థితి, రెండోది తెలివి, మూడోది నీతి. సమాజం మీద పనిచేసే శక్తులు ఆ బిందువుల్ని ఎటు కదుపుతాయో గ్రహాలకు కట్టినట్టే లెక్క కట్టే ప్రయత్నం.

ఇది శాస్త్రంగా నిలబడుతుందా అంటే, నీతిని ఏ కొలబద్దతో కొలుస్తాం అన్న దగ్గరే చిక్కుపడుతుంది. కానీ ఆ మూడు కొలతలూ చూడండి. డబ్బు, చదువు, నడవడి. పల్లె బ్యాంకు, పల్లె బడి, పల్లె టీచరు. మూడు విడతల్లో మంత్రిగా చేసిన పనినే ఆయన అక్షరాల బదులు సమీకరణాల్లో రాసుకున్నారు.

ఖగోళశాస్త్రానికి మంత్రిగా ఏమైనా చేశారా?

1908లో బుకారెస్ట్ ఖగోళ వేధశాల ఏర్పాటు ఆయన హయాంలోనే జరిగింది. దాని మొదటి డైరెక్టర్ నికొలాయె కొకులెస్కు కూడా పారిస్‌లో గ్రహాల కదలికల మీదే పనిచేసి వచ్చినవారు.

ఆయన గురించి చదివితే తేదీలు రెండు రకాలుగా కనిపిస్తున్నాయి. ఏది నిజం?

రెండూ నిజమే. రుమేనియా 1919 దాకా పాత జూలియన్ క్యాలెండర్ వాడింది. 19వ శతాబ్దంలో అది మనం వాడే క్యాలెండర్ కంటే 12 రోజులు, 20వ శతాబ్దంలో 13 రోజులు వెనక ఉండేది. అందుకే ఆయన డాక్టరేట్ తేదీ ఒకచోట 1878 జనవరి 18 అని, ఇంకోచోట జనవరి 30 అని ఉంటుంది. మంత్రి పదవి తేదీలకూ ఇదే సమస్య. మీరు ఎక్కడైనా రాసేటప్పుడు ఏదో ఒక పద్ధతినే చివరిదాకా పట్టుకోండి.

చివరి రోజులు ఎలా గడిచాయి?

1910లో మంత్రి పదవి, ప్రొఫెసర్ ఉద్యోగం రెండూ ముగిశాయి. అయినా మామూలు జనం కోసం నడిచే ప్రజా విశ్వవిద్యాలయంలో చనిపోయే దాకా పాఠాలు చెప్పారు. ఆయన్ని తీసుకెళ్లింది క్యాన్సర్. బుకారెస్ట్‌లోని బెల్లు శ్మశానంలో సమాధి ఉంది.

ఇప్పుడు ఆయన గుర్తులు ఎక్కడ చూడొచ్చు?

బుకారెస్ట్‌లో విశ్వవిద్యాలయం ఎదుటి కూడలిలో ఆయన విగ్రహం ఉంది. శిల్పి అయోన్ జాలియా, 1935 నాటిది. అదే ఊళ్లో ఆయన పేరుతో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం 1991లో మొదలైంది. దానికీ ఆయనకీ పేరు తప్ప వేరే సంబంధం లేదు, చాలామంది పొరబడుతుంటారు.

ఇంకొకటి చంద్రుడి మీద ఉంది. దక్షిణం వైపున్న ఒక బిలానికి హారెట్ పేరు పెట్టారు. డాబా ఎక్కి ఎంత పెద్ద టెలిస్కోప్ పెట్టినా అది కనపడదు, ఎందుకంటే అది చంద్రుడి అవతలి వైపున ఉంది. ఆ వైపు ఫొటోలు మనిషి చేతికి మొదటిసారి అందింది 1959లో, ఆయన పోయిన 47 ఏళ్లకు.